గుర్తు కమాను మీద కాదు, నడిచే తోవ పక్కన ఉండాలి



చెరువు వైపు ఉన్న మన సంఘం స్థలం ముందర రాతి కమాను కట్టాలా వద్దా అని నెల రోజులుగా గ్రూపులో మాట నడుస్తోంది. కట్టాలనేవాళ్ళ మాటలో తప్పేమీ లేదు. తాతల కాలంలో తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ సోలాపూర్ వచ్చినవాళ్ళం. ఇక్కడి మిల్లుల్లో, కార్ఖానాల్లో ఒళ్ళు అరగదీసుకున్నాం. ఊరికి పేరు తెచ్చిన చాదర్ మన చేతుల మీదుగా నడిచింది. ఒక గుర్తు ఉండాలని కోరుకోవడం న్యాయమే. నా పేచీ గుర్తుతో కాదు, కమానుతో. కమాను కింద నుంచి బండి మీద పోయేవాడు తల ఎత్తి చూడడు. చూసినా అందులో కనబడేది ఇచ్చినవాళ్ళ పేర్లే. ఎవరి కోసం కట్టామో వాళ్ళు కనబడరు.

ఈ మాటను ఇంగ్లండులో చూసిన ఒక కొండ తోవతో చెబుతాను. పొడుగ్గానే ఉంటుంది, ఓపికగా చదవండి. మన సంగతికీ దానికీ ఏం సంబంధమని సగంలో అనిపించవచ్చు. సంబంధం ఉంది.

పోయిన ఎండాకాలం మా అమ్మాయి దగ్గర మాంచెస్టర్‌లో కొన్నాళ్ళు ఉన్నాను. అక్కడికి ఉత్తరాన ల్యాంకాషైర్‌లో పెండిల్ అనే కొండ ఉంది. ఎత్తు 557 మీటర్లు. మన సహ్యాద్రి ముందర అది పెద్ద ఎత్తు కాదు, కానీ చుట్టూ నేల పల్లంగా ఉండడంతో తిరగేసిన పడవలా ఒంటరిగా కనబడుతుంది. దాని కింద బార్లీ అనే చిన్న ఊరు. అక్కడ మొదలుపెట్టి కొండను చుట్టి మళ్ళీ అక్కడికే వచ్చే నడక తోవలు చాలా ఉన్నాయి. ఒకరోజు నెమ్మదిగా నడిచాం.

ఆ నేలను వాళ్ళు మూర్ అంటారు. అడవి కాదు, పొలమూ కాదు. చెట్టు తక్కువ, గడ్డి ఎక్కువ. వేల ఏండ్లుగా నాచు, గడ్డి సగం కుళ్ళి పేరుకోవడంతో నేల నల్లగా, మెత్తగా, నీళ్ళు పీల్చిన స్పంజిలా ఉంటుంది. ఆ నేల మీద పారే నీళ్ళు పలుచటి చాయ్ రంగులో దిగుతాయి. రాళ్ళను సిమెంటు లేకుండా పేర్చిన గోడలు కొండ మీదిదాకా పాకుతాయి. వాటి మధ్య గొర్రెలు.

బార్లీ నుంచి పైకి పోతే ఒక లోయలో ఆగ్డెన్ రిజర్వాయర్లు రెండు, కింద ఒకటి, పైన ఒకటి. ఇంకో పక్క బ్లాక్ మాస్ రిజర్వాయర్లు రెండు. బ్లాక్ మాస్ అంటే నల్ల బురదనేల. బోట్లు లేవు, కేకలు లేవు, బజ్జీల బండి లేదు. నీళ్ళు, గాలి, పిట్టల కూత, అంతే. కానీ ఈ నిశ్శబ్దం ప్రకృతి చేసింది కాదు, బట్ట చేసింది. కింద నెల్సన్ అనే ఊరు ఉంది. నేత షెడ్లతో ఉన్నపాటున పెరిగిన ఊరు. దాని దాహం తీర్చడానికి ఈ లోయలకు కట్టలు కట్టి నీళ్ళు ఆపారు. అక్కడికి కాస్త దూరంలోనే బ్లాక్‌బర్న్. 1842లో ల్యాంకాషైర్ లూమ్ అనే మరమగ్గం తయారైంది ఆ ఊళ్ళోనే. మన పెద్దల చెవులు దిమ్మెక్కించిన ఖటఖట పుట్టింది ఈ కొండల పక్కనే. ఆ షెడ్లు ఇప్పుడు దాదాపు మూతబడ్డాయి. మన మిల్లుల సంగతి మీకు తెలిసిందే. ఆ నీళ్ళ ముందర నిలబడితే పరాయి చోటు అనిపించలేదు.

ఇక అసలు విషయం. కింది ఆగ్డెన్ రిజర్వాయర్ దాటాక ఎయిట్కెన్ వుడ్ అనే చెట్లతోపు వస్తుంది. అందులో 2012లో కొందరు కళాకారులు బొమ్మలు పెట్టారు. టికెట్టు లేదు, గేటు లేదు. తోవ తిరిగితే ఒకటి కనబడుతుంది, తిరగకపోతే కనబడదు. ఎందుకు 2012 అంటే, దానికి సరిగ్గా నాలుగు వందల ఏండ్ల కింద, 1612లో, ఈ కొండ చుట్టూ ఉన్న మనుషులను మంత్రగత్తెలని ఉరి తీశారు.

ఆ కథ మొదలైంది గుండుసూదుల దగ్గర. 1612 మార్చి 18న అలిజన్ డివైస్ అనే పేదింటి పిల్ల తోవలో పోతున్న జాన్ లా అనే చిల్లర సామాన్ల వ్యాపారిని సూదులు అడిగింది. అతను ఇవ్వలేదు. కాసేపటికి అతను కూలబడ్డాడు. ఒక పక్క పడిపోయింది, మాట పోయింది. ఇప్పుడైతే పక్షవాతం అని చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. అప్పుడు ఆ పిల్ల నోటి మాట తగిలిందన్నారు. అందరికంటే ముందు నమ్మింది అలిజనే. తానే చేశానని ఏడ్చి, క్షమించమని అడిగింది.

అక్కడి నుంచి మంట అంటుకుంది. రోజర్ నోవెల్ అనే మేజిస్ట్రేటు ఒక్కొక్కరినీ పిలిచి అడగడం మొదలుపెట్టాడు. అలిజన్ అమ్మమ్మను ఊరు డెమ్‌డైక్ అని పిలిచేది. ఎనభై ఏండ్ల గుడ్డి ముసలమ్మ. అడుక్కుంటూ, జబ్బులకు మంత్రాలు వేస్తూ బతికేది. ఆమెతో పడని ఇంకో ముసలమ్మ చాటాక్స్. రెండు ఇండ్లూ పేదవే, రెండింటికీ వైరం. ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. డెమ్‌డైక్ విచారణ కాకముందే లాంకాస్టర్ కోట చెరసాలలో చనిపోయింది. ఆగస్టులో విచారణ జరిగింది. ఆ కాలపు చట్టంలో అలాంటి ముద్దాయికి వకీలు లేడు. అలిజన్ చెల్లెలు జెనెట్‌కు తొమ్మిదేండ్లు. ఆ పిల్లను కోర్టులో బల్ల మీద నిలబెట్టి తల్లి మీద సాక్ష్యం చెప్పించారు. తల్లి గోల పెడితే బయటికి ఈడ్చుకుపోయారు. పెండిల్ కేసులో మొత్తం పదిమందిని ఉరి తీశారు. ఒకామెను జులైలో యార్క్‌లో, తక్కిన తొమ్మిది మందిని ఆగస్టు 20న లాంకాస్టర్‌లో. ఆ తొమ్మిది మందిలో అలిజన్, ఆమె తల్లి, ఆమె అన్న ముగ్గురూ ఉన్నారు. కోర్టు గుమాస్తా థామస్ పాట్స్ దీన్నంతా పుస్తకంగా రాసి 1613లో అచ్చు వేయించాడు. గెలిచినవాళ్ళు రాసిన పుస్తకం అది. పోయినవాళ్ళ మాట మనకు దక్కింది కూడా అందులోనే, వాళ్ళను ఉరికి పంపినవాళ్ళ కలంతోనే.

ఇప్పుడు తోపులోకి రండి. ఫిలిప్ హాండ్‌ఫర్డ్ అనే కళాకారుడు అక్కడ ఒక పని చేశాడు. కొట్టేసిన చెట్టు మానును ముక్కలు ముక్కలుగా కోసి, ఆ ముక్కలను విల్లులా వంచి పేర్చి, మళ్ళీ దాని మొద్దుకే చేర్చాడు. పేరు ‘రీకనెక్టెడ్’. తెగిపోయింది అతుక్కోదు, కోతలన్నీ కనబడుతూనే ఉంటాయి. అయినా మాను తిరిగి వేరు వైపు వంగి ఉంది. పక్కన ఎవరూ లేకపోయినా ఆ బొమ్మ ముందర గొంతు తగ్గించి మాట్లాడాం. సేరా మెక్‌డేడ్ చేసిన పింగాణీ పలకలు పది, చెట్ల మధ్య అక్కడక్కడా ఉన్నాయి. 1612 కథను గుర్తులతో చెబుతాయి. లోహపు గబ్బిలాలు ఉన్నాయి, సాలెగూడు ఉంది. పిల్లలు వాటిని వెతుక్కుంటూ ఉరుకుతుంటారు.

నన్ను ఎక్కువసేపు ఆపింది మార్టిన్ బెడ్నార్చుక్ చెక్కిన నిలువెత్తు మనిషి. మంత్రగత్తెలను వెతికేవాడు. ఆలోచించండి. మంత్రగత్తెల పేరు మీద వెలిసిన తోపులో మనకు మనిషంత ఎత్తున ఎదురుపడేది మంత్రగత్తె కాదు, నేరం మోపినవాడు. ఉరి తాడు పడినవాళ్ళను చూసి భయపడమని కాదు, వేలు చూపినవాడిని చూసి భయపడమని ఆ బొమ్మ చెబుతోంది. తోవ మలుపులో అతను ఎదురైతే ముందు ఉలిక్కిపడతాం. ఆ తర్వాత, ఇలాంటివాడిని ఎక్కడో చూశానే అనుకుంటాం. ఇలాంటిది కమాను చేయగలదా?

బొమ్మలు బయట, వానలో ఉండడంలో కూడా అర్థం ఉంది. కర్రకు నాచు పడుతుంది, లోహం రంగు మారుతుంది. అక్కడిదాకా పోవాలంటే కాళ్ళు నొప్పి పెట్టాలి. ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య నడిచే సేపు మనసుకు పని ఉంటుంది. పక్కన నీళ్ళు కదలకుండా ఉంటాయి. చుట్టు తోవ కాబట్టి ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే తిరిగి రావాలి. చూసి తప్పించుకుపోయే సౌకర్యం లేదు.

అంతా బాగుందని చెబితే అబద్ధమవుతుంది. ఆ కొండ చుట్టూ పెండిల్ వే అని ఒక పొడుగాటి నడక తోవ ఉంది. దాని గుర్తు ఏమిటో తెలుసా? చీపురు మీద ఎగిరే మంత్రగత్తె. తోవ తప్పకుండా ప్రతి మలుపులో ఆ గుర్తే. కొట్లలో ముక్కు పొడుగు బొమ్మలు, మొనదేలిన టోపీలు. ఉరి తీసిన ఆడవాళ్ళ పేరు మీద వ్యాపారం బాగా నడుస్తోంది. ఏ బొమ్మ గీసి వాళ్ళను చంపారో, వాళ్ళ ఊరికి ఇప్పుడు అదే బొమ్మ గుర్తయింది. దీన్ని నేను ఒప్పుకోను. నాలుగు వందల ఏండ్లు గడిస్తే నింద ముచ్చట అయిపోతుందా?

కానీ పక్క ఊరు రఫ్‌లీలో దానికి జవాబు ఉంది. ఆలిస్ నట్టర్ అనే ఆమెది ఆ ఊరు. తక్కినవాళ్ళలా అడుక్కునే మనిషి కాదు, కాస్త కలిగిన ఇంటి వితంతువు. ఆమెనూ ఉరి తీశారు. 2012లో డేవిడ్ పామర్ చేసిన ఆమె విగ్రహం ఊళ్ళో రోడ్డు పక్కన పెట్టారు. చీపురు లేదు, టోపీ లేదు. ఆ కాలపు బట్టలు కట్టిన ఒక మామూలు ఆడమనిషి, అంతే. 1998లో ఈ పదిమందికీ క్షమాపణ ప్రకటించమని హోం మంత్రికి అర్జీ పెట్టుకుంటే, తీర్పులు అట్లాగే ఉండనివ్వాలని సర్కారు తేల్చింది. సర్కారు చేయని పనిని ఊరు ఒక విగ్రహంతో చేసింది. ఈమె మావూరి మనిషి, ఈమెకు అన్యాయం జరిగింది అని రోడ్డు పక్కన నిలబెట్టి చెప్పింది.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను.

ఆగస్టు 20 అన్న తారీఖు మహారాష్ట్రలో ఉన్నవాళ్ళకు కొత్త కాదు. 2013లో అదే రోజున పుణెలో నరేంద్ర దాభోల్కర్‌ను కాల్చి చంపారు. జాదూటోణాకు వ్యతిరేకంగా చట్టం తెమ్మని ఏండ్ల తరబడి తిరిగిన మనిషి. ఆయన పోయిన కొద్ది రోజులకే ఆర్డినెన్స్ వచ్చింది, డిసెంబరులో చట్టమైంది. అదే ఏడాది ఒడిశాలో, 2017లో కర్ణాటకలో కూడా చట్టాలు వచ్చాయి. ఒడిశాలో డాహాణి అంటారు, మరాఠీలో కరణి అంటారు, మన పెద్దల ఊళ్ళలో బాణామతి, చేతబడి అంటారు. మాట మారింది, కర్ర పడే ఒళ్ళు మారలేదు. ఎక్కువగా వితంతువు, ముసలమ్మ, ఒంటరిది, కాస్త నోరున్నది. తెలంగాణ పల్లెల్లో చేతబడి చేశారని పళ్ళు రాలగొట్టిన సంగతులు, తగలబెట్టిన సంగతులు పేపర్లలో మీరూ చదివారు.

పట్నంలో మనం అట్లా చేయం అంటారా? కొట్టం, నిజమే. మా వాడలో కొన్నేండ్ల కింద ఒకామె ఉండేది. పేరు చెప్పను. భర్త పోయాడు, బీడీలు చుట్టి ఇద్దరు పిల్లలను సాకింది. పక్కింటి కుర్రాడు కార్ఖానాలో పని చేస్తూ ఒకరోజు పడిపోయాడు. ఒక చెయ్యి, ఒక కాలు రాలేదు. అంతకు ముందు వారమే నల్లా దగ్గర ఆమెకూ వాళ్ళ ఇంటికీ మాట మాట పెరిగింది. అంతే. “ఆమెనే కరణి చేసింది” అన్నారు. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. పసుపు కుంకాలకు పిలవడం మానేశారు. ఆమె ఇంటి ముందర నుంచి పిల్లలను పోనివ్వలేదు. ఆమె చుట్టిన బీడీల పక్కన తమ బీడీలు పెట్టనివ్వలేదు. ఆరు నెలలు చూసి, ఒక రాత్రి ఇద్దరు పిల్లలను తీసుకుని ఊరు విడిచిపోయింది. ఎక్కడుందో ఇప్పటికీ తెలియదు. గుండుసూదులు అడిగిన అలిజన్ కథ చదివినప్పుడు నాకు గుర్తుకొచ్చింది ఈమె. మధ్యలో నాలుగు వందల ఏండ్లు, ఒక సముద్రం ఉన్నాయి. కథ అదే. పక్షవాతం, మాట పట్టింపు, దిక్కులేని ఆడది.

“కొట్టలేదు కదా, అందులో నేరమేముంది?” అని అప్పుడు పెద్దలు అన్నారు. మహారాష్ట్ర చట్టం చదవండి. ఫలానా మనిషి కరణి చేస్తోంది, మంత్రంతో కీడు తెస్తోంది అని చాటడమే నేరం. చట్టంలో ‘కరణి’ అన్న మాటే ఉంది. ఆరు నెలల నుంచి ఏడేండ్ల దాకా శిక్ష. అంటే మన వాడలో నల్లా దగ్గర ఆడిన ఆ మాటకే శిక్ష ఉంది. మనకు తెలియదు, ఎందుకంటే ఎవరూ చెప్పలేదు.

ఇద్దరు ముగ్గురు సభ్యులు నాతో అన్న మాటలకు ఇక్కడే జవాబు చెబుతాను. ఒకరు, “పరాయి రాష్ట్రంలో ఉన్నవాళ్ళం, మన గుట్టు మనమే బయట పెట్టుకుంటామా, మరాఠీవాళ్ళు ఏమనుకుంటారు?” అన్నారు. అయ్యా, మూఢనమ్మకం మన ఒక్కరి సొత్తు కాదు. దాని మీద చట్టం తెచ్చుకోవాల్సి వచ్చింది ఈ రాష్ట్రం మొత్తానికి. పెండిల్ కింద ఊళ్ళు తమ తాతలు చేసిన తప్పును తోవ పక్కన పెట్టుకున్నాయి. ఆ ఊళ్ళ పరువు పోలేదు. మేమంతా అంత దూరం పోయి మర్యాదగా నడిచి వచ్చాం.

ఇంకొకరు, “మన కష్టం గురించి, మన గొప్ప గురించి చెప్పుకోవద్దా?” అన్నారు. చెప్పుకుందాం. కానీ తన గొప్ప ఒక్కటే చెప్పుకునేవాడి మాట ఎదుటివాడు సగమే నమ్ముతాడు. ఇది మేం చేసిన పని, ఇది మేం చేసిన తప్పు అని రెండూ చెప్పినవాడి మాట మొత్తం నమ్ముతాడు. మన పిల్లలు కూడా అంతే. వాళ్ళు సంఘానికి ఎందుకు రావడం లేదని ప్రతి మీటింగులో బాధపడుతున్నాం కదా. వాళ్ళకు శాలువాలు కప్పే ఫోటోలు చాలా చూపించాం.

జనరల్ బాడీ ముందర మూడు మాటలు పెడుతున్నాను. ముందుగానే ఇక్కడ రాస్తే అందరూ ఆలోచించుకుని వస్తారని.

ఒకటి. కమాను ఆపి, ఆ డబ్బుతో మన స్థలం అంచు వెంబడి ఒక చుట్టు నడక తోవ వేద్దాం. సిమెంటు కాదు, మొరం చాలు. పొద్దున నడిచేవాళ్ళు ఎట్లాగూ చెరువు గట్టుకు వస్తున్నారు, వాళ్ళ కాళ్ళ కిందికే పోదాం. తోవ పక్కన నాలుగైదు చోట్ల గుర్తులు పెడదాం. పల్లె విడిచి వచ్చిన నడక ఒకటి. మిల్లు భోంగా ఒకటి. జకార్డ్ అట్టల చిల్లులు, చాదర్ నమూనా ఒకటి. తునికాకు, కత్తెర, చాట పట్టుకున్న ఆడవాళ్ళ చేతులు ఒకటి. చివరిది, నింద మోసి మన మధ్య నుంచి వెళ్ళిపోయినవాళ్ళ కోసం ఒక రాయి. పేరు వద్దు, బొమ్మ వద్దు. కూర్చోవడానికి వీలుగా ఉంటే చాలు.

రెండు. ఈ పని బయటి కంట్రాక్టరుకు ఇవ్వొద్దు. చాదర్ డిజైన్లు గ్రాఫ్ కాగితం మీద గడి గడి లెక్కపెట్టి గీసిన చేతులు మన ఇండ్లలోనే ఇంకా ఉన్నాయి. ఆర్ట్ కాలేజీలో చదివే పిల్లలు కూడా ఉన్నారు. ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టండి. నిమ్మకాయలు, పుర్రెలు, జుట్టు విరబోసుకున్న ఆడమనిషి బొమ్మ, ఇవి ఒక్కటి కూడా రాకూడదు. చీపురు మీద ఎగిరే ఆ గుర్తును చూసి నేర్చుకోవాల్సిన పాఠం అదే.

మూడు. ఏటా ఆగస్టు 20న అందరం కలిసి ఆ తోవ ఒక చుట్టు నడుద్దాం. నడక అయ్యాక చట్టంలోని ఆ ఒక్క భాగం తెలుగులో, మరాఠీలో గట్టిగా చదువుదాం. దానితోపాటు ఇప్పుడే ఒక తీర్మానం చేద్దాం. మన వాడల్లో ఎవరి మీదైనా కరణి మాట పడిందని తెలిసిన రోజే, సంఘం నుంచి ఇద్దరు, అందులో ఒకరు ఆడమనిషి, ఆమె ఇంటికి పోవాలి. నలుగురూ చూసేటట్టు గడప దాటి లోపలికి పోయి, కూర్చుని, ఆమె చేతి చాయ్ తాగి రావాలి. పోలీసులు, కేసులు తర్వాత సంగతి. మా వాడలో ఆ ఆరు నెలల్లో ఒక్కరు ఆ గడప తొక్కి ఉంటే ఆమె పిల్లలు ఈ ఊళ్ళోనే చదువుకునేవాళ్ళు.

తోవకు డబ్బు కావాలి, టైము పడుతుంది, కమిటీలో వాదనలు ఉంటాయి. తీర్మానానికి అవేవీ అక్కర్లేదు. కమాను విషయంలో నాతో ఒప్పుకోని వాళ్ళు కూడా ఈ మూడో మాట మీద చెయ్యి ఎత్తుతారని అనుకుంటున్నాను. ఆ ఇద్దరిలో ఒకరుగా నా పేరు రాసుకోండి. రెండో పేరు కోసం మన అక్కలు, చెల్లెళ్ళలో ఎవరైనా మీటింగుకు ముందే చెప్పాలని కోరుతున్నాను.